ఊపిరి బెజ్జం

మైపాడు సముద్రం మా ఇంటికి బస్సులో ముప్పావుగంట.
అయినా బస్తాలో ఉప్పు తెప్పించుకుని
ఫత్తేఖాన్‌పేటలో, మేడమీద,
నీలం డ్రమ్ములో కర్ర తిప్పుతూ
సముద్రం కలుపుతున్నాను.
రిఫ్రాక్టోమీటరు మీద ఒక చుక్క వేసి కన్ను ఆనిస్తే
ముప్పై ఒకటి. ఇంకో రెండు గిన్నెల ఉప్పు.
ముప్పై ఐదు దగ్గర నీలిగీత నిలిచేదాకా
చెయ్యి దానంతట అదే తిరుగుతుంది.

"ఏందక్కా ఇది," పైపు కోస్తూ ఖాజామస్తాన్,
"పద్దెనిమిదేళ్లు హేచరీలో చేసినావు,
ఇంకా ఉప్పునీళ్ల మీద మోజు తీరలా?"
జవాబు చెప్పలేదు.
గమ్‌డబ్బా మూత తీసి అందించాను.

బోరునీళ్లు పనికిరావు, కుళాయినీళ్లూ పనికిరావు.
ఆర్వో గొట్టం ఒక బిందె మంచినీళ్లిస్తే
మూడు బిందెలు కక్కేస్తుంది.
వాటితో మా దుప్పట్లు అయిపోయాయి,
ఎదురింటి సుగుణమ్మ దుప్పట్లూ అయిపోయాయి.
ఖాజా సంచిలో పసుప్పచ్చగా మెరిసేవన్నీ
ఏరి గుమ్మం అవతల పెట్టించాను.
"ఇత్తడి వాల్వు, నూరేళ్లు చెడదక్కా!"
చెడేది అది కాదబ్బా.
చెంబులో నింపుకుని మనం పొద్దున్నే తాగే రాగి
పగడానికి విషం.

చీమకుర్తి నల్లరాయి పలక మీద అద్దపు తొట్టి,
మట్టం బుడగ మధ్యకు రాక
కింద సైకిలు ట్యూబు ముక్కలు దోపాడు.
పైకొచ్చిన నీరు దువ్వెనపళ్ల గోడను ఒరుసుకుని
ఒకటిన్నర అంగుళం గొట్టంలో
బల్ల కింది తొట్టిలోకి దిగాలి.
అక్కడ నురగ తీసే గొట్టం, మోటారు,
మళ్లీ ముప్పావంగుళం దారిన పైకి.
గంటకు వెయ్యి లీటర్లు, ఎక్కడికీ పోని ప్రయాణం.
జాయింటు జాయింటుకీ వేలు పెట్టి తడిమాను.
తడి లేదు. ఖాజా బీడీ కోసం మెట్లు దిగాడు.

సాయంత్రం ఆరుంబావుకి కరెంటు పోయింది.

మోటారు ఆగింది. నీళ్లు ఆగలేదు.
ఎక్కిన దారినే వెనక్కి దిగాయి.
పైన అద్దంలో జానెడు ఖాళీ,
కింద తొట్టి నిండి, పొంగి,
గచ్చు మీద, గడప మీద, మెట్ల మీద,
కింద దర్జీ పెంచలయ్య కొట్లో
జాకెట్టు గుడ్డల మీద నా సముద్రం.

తడిసిన గుడ్డ పిండుకుంటూ వచ్చాడు పెంచలయ్య.
తిట్టడానికే వచ్చాడు. సెల్‌ఫోను లైటులో
అద్దంలోకి తొంగి చూసి మర్చిపోయాడు.
"ఏదమ్మా పగడం?"
ఇంకా రాలేదు. ఆరు వారాలు ఉత్తనీళ్లు తిరగాలి,
రాళ్లకు కంటికి కనపడని ప్రాణం పట్టాలి,
అప్పుడు, నోరున్న పగడం.
"నోరా? రాయి కాదా అది?"
కుజదోషానికి తొడిగిన ఉంగరం వేలు
అద్దానికి ఆనించి చాలాసేపు చూసుకున్నాడు.
ఆ రాత్రికి నా తొట్టి దగ్గరున్న పగడం అదొక్కటే.

నాకు మాత్రం తుమ్మలపెంట తీరాన
పదహారో నంబరు ట్యాంకు.
జనరేటరు చప్పుడు ఆగినా మెలకువ రాని ఒక్క రాత్రి.
తెల్లారి చూస్తే అడుగున
గంజి పేరుకున్నట్టు, తెల్లగా, మెత్తగా
లక్షల రొయ్యపిల్లలు.
జీతం కోసుకున్నారు. అంతకంటే ఎవరూ ఏమీ అనలేదు.

మర్నాడు ఖాజా సన్నటి డ్రిల్లు బిట్టు తెచ్చాడు.
పైకెక్కే గొట్టానికి, నీటిమట్టం కింద అరంగుళంలో
పెసరగింజంత బెజ్జం.
"ఇంతేనా?"
"ఇంతేనక్కా. గాలి మింగితే నీళ్లు దారి మర్చిపోతాయి."
ప్లగ్గు పీకాను. నీళ్లు రెండు వేళ్లు దిగాయి,
బెజ్జం గుటకేసింది. ఆగాయి.
మళ్లీ పీకాను. మళ్లీ.
పదకొండోసారి ఖాజా నా చేతిలోంచి ప్లగ్గు తీసుకుని
తనే గుచ్చేశాడు.

రాత్రి రెండున్నరకి ఫ్యాను ఆగింది.
హాల్లోంచి ఒక గుటక.
ఆపైన బ్యాటరీ గాలిరాయి బుడగలు.
మంచం మీంచి కాలు దించాను, అలవాటు.
గచ్చు పొడిగా ఉంది.
కాలు పైకి తీసుకున్నాను.